బిళ్ళగన్నేరు: ఆకుకూ ఇంజెక్షన్‌కూ మధ్య దూరం ఎంత?

సంక్షిప్తంగా: పెరట్లో పూసే బిళ్ళగన్నేరు ఆకుల్లో విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అనే రెండు ఆల్కలాయిడ్లు (మొక్కల్లో సహజంగా తయారయ్యే, నత్రజని ఉన్న రసాయనాలు) ఉన్నాయి. 1960ల నుంచి రక్త క్యాన్సర్లకు, లింఫ్ గ్రంథుల క్యాన్సర్లకు వాడుతున్న ముఖ్యమైన ఇంజెక్షన్లలో ఇవీ ఉన్నాయి. అయితే ఆకులో వీటి మోతాదు అత్యల్పం. నోటి ద్వారా తీసుకుంటే ఒంటికి పట్టేది కొద్దిగానే, అదీ ఎంతో చెప్పలేం. మందుకూ విషానికీ మధ్య ఎడం కూడా చాలా ఇరుకు. అందుకే ఆకు తినడాన్ని, మందు తీసుకోవడాన్ని ఒకే గాటన కట్టలేం.

"ఫలానా మొక్కలో క్యాన్సర్‌ను చంపే గుణం ఉందని శాస్త్రవేత్తలు తేల్చారు" అనే వార్త ఏడాదికి పదిసార్లయినా కనబడుతుంది. వాట్సాప్‌లోకి చేరేసరికి అది "రోజూ పరగడుపున నాలుగాకులు నమిలితే చాలు"గా మారుతుంది. బిళ్ళగన్నేరు విషయంలో ఈ పొరపాటు మరింత సులువుగా జరుగుతుంది, ఎందుకంటే వార్తలో సగం అక్షరాలా నిజం. ఈ మొక్క నుంచి క్యాన్సర్ మందులు వచ్చాయి. వాటిని ఇప్పటికీ చాలావరకు ఈ ఆకుతోనే తయారుచేస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోనూ అవి ఉన్నాయి. మిగతా సగం ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే ఆకు ఇంజెక్షన్‌గా మారిన దారంతా చూడాలి.

చక్కెర వ్యాధి కోసం వెతికితే దొరికినది

బిళ్ళగన్నేరు పుట్టిల్లు మడగాస్కర్ దీవి. అక్కడి నుంచి ఓడల వెంట ఉష్ణమండల దేశాలన్నిటికీ పాకింది. మన దగ్గర గుడి ఆవరణల్లో, సమాధుల పక్కన, నీళ్ళు పోసే దిక్కులేని గోడవారల్లో కూడా ఏడాది పొడుగునా పూస్తుంది. ఇంత పరిచయమైనా, బయటినుంచి వచ్చిన మొక్క కాబట్టి ప్రాచీన ఆయుర్వేద గ్రంథాల్లో దీనికి చోటు లేదు. దీని వైద్యమంతా జనం వాడుకలో పెరిగినదే. అందులో ఎక్కువగా వినబడేది "షుగరు"కు ఆకు, పువ్వు నమలడం. జమైకాలోనూ ఫిలిప్పీన్స్‌లోనూ ఇదే నమ్మకం ఉండేది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ప్రాంతాల్లో ఒకే వాడుక ఉండటమే పరిశోధకులను ఆకర్షించింది.

1952లో జమైకాలోని డాక్టర్ జాన్‌స్టన్ పాతిక ఆకులు ఒక కవర్లో పెట్టి కెనడాలోని క్లార్క్ నోబుల్‌కు పంపారు. టొరంటోలో ఇన్సులిన్ కనుగొన్న కాలంలో ఆ బృందంతో కలిసి నడిచిన వైద్యుడు క్లార్క్. ఆయన వాటిని వెస్టర్న్ అంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు అందజేశారు. రాబర్ట్ ఆకు కషాయాన్ని ఎలుకలకు తాగించారు. రక్తంలో చక్కెర తగ్గలేదు, ఎలుకలకు వేరే మార్పు కూడా రాలేదు. తర్వాత అదే సారాన్ని సిరలోకి ఎక్కించారు. వారం తిరిగేలోగా ఎలుకలు చచ్చిపోయాయి. కోసి చూస్తే ఒళ్ళంతా చీము గడ్డలు కనిపించాయి. ఎప్పుడూ శరీరం చుట్టూ ఉండే, మామూలుగా ఏ హానీ చేయని బ్యాక్టీరియా వాటిని ముంచేసింది. రక్తం పరీక్షిస్తే తెల్లకణాలు దాదాపు లేవు, ఎముక మజ్జ కణాలను తయారుచేయడం ఆపేసింది.

మరో ప్రయోగశాలలో అయితే ఈ ఎలుకలను "విషపూరితం" అని రాసి పక్కన పెట్టేసేవారేమో. నోబుల్ అలా చేయలేదు. తెల్లకణాల తయారీని ఆపగలిగే పదార్థం, తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే రక్త క్యాన్సర్‌ను కూడా ఆపవచ్చు కదా అని ఆలోచించారు. 1954లో ఆయనతో చేరిన రసాయన శాస్త్రవేత్త చార్లెస్ బీర్ ఆ పదార్థాన్ని వేరుచేసి స్ఫటికాలుగా రాబట్టారు. 1958లో ప్రకటించిన దాని పేరే తర్వాత విన్‌బ్లాస్టిన్‌గా కుదించారు. అదే కాలంలో అమెరికాలో ఎలీ లిల్లీ కంపెనీలో గోర్డన్ స్వొబోడా, ఇర్వింగ్ జాన్సన్ బృందం కూడా ఇదే మొక్క మీద పనిచేస్తోంది. దాని సారంతో లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న ఎలుకల ఆయుష్షు పెరగడం వారు గమనించారు. ఆ తర్వాత స్వొబోడా రెండో ఆల్కలాయిడ్ విన్‌క్రిస్టిన్‌ను వేరుచేశారు. 1963లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది.

ఈ కథలో పదేపదే జారిపోయే ముక్క ఒకటుంది. కషాయం తాగిన ఎలుకలకు ఏమీ కాలేదు. ప్రభావమంతా సిరలోకి ఎక్కించినప్పుడే కనిపించింది. ఆకు నమిలితే క్యాన్సర్ తగ్గుతుందా అన్న ప్రశ్నకు మొట్టమొదటి ప్రయోగమే చాలావరకు జవాబు చెప్పేసింది.

లెక్క వేసి చూస్తే

ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయడానికి సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. విన్‌క్రిస్టిన్‌కైతే 2,000 కిలోలకు పైమాటే. అంటే తయారీలో ఒక గ్రాము ఎండుటాకు నుంచి చేతికి వచ్చే విన్‌క్రిస్టిన్ అర మైక్రోగ్రాము. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు.

పెద్దవాళ్ళకు విన్‌క్రిస్టిన్ మామూలు మోతాదు శరీర ఉపరితలం చదరపు మీటరుకు 1.4 మిల్లీగ్రాములు. ఎంత పెద్ద మనిషికైనా ఒక్కసారికి 2 మిల్లీగ్రాములు దాటకుండా చూడటం ఆనవాయితీ. ఆ 2 మిల్లీగ్రాములకు నాలుగు కిలోల ఎండుటాకు పడుతుంది. పది గ్రాముల ఎండుటాకు వేసి కషాయం కాచి, ఉన్నదంతా నీళ్ళలోకి దిగిందనుకున్నా, గ్లాసులోకి వచ్చేది 5 మైక్రోగ్రాములు. ఒక డోసులో నాలుగు వందలో వంతు. ఈ మందు పేగుల నుంచి రక్తంలోకి చేరడం కూడా తక్కువ, పైగా ఒక్కో మనిషిలో ఒక్కో తీరు. అందుకే దీన్ని మాత్రగా కాక సిరలోకి ఎక్కించే ఇంజెక్షన్‌గానే వాడుతున్నారు.

"అయితే తిన్నా నష్టం లేదు కదా" అనిపించవచ్చు. అక్కడే ఇంకో చిక్కుంది. ఈ మొక్కలో 130కి పైగా ఆల్కలాయిడ్లు ఉన్నాయి. వేరులో ఎక్కువగా ఉండే అజ్మలిసిన్ రక్తపోటును తగ్గించే గుణమున్నది. మిగతావి మొక్క రకాన్ని, వయసును, నేలను, ఎండను బట్టి ఎన్నో రెట్లు మారుతుంటాయి. మందుగా పనిచేసేంత ఉండదన్నది ఖాయం, హాని చేసేంత ఉండదన్న హామీ మాత్రం లేదు. గుప్పెళ్ళకొద్దీ ఆకు రసం తీసి నెలల తరబడి తాగేవారికి ఇది గుర్తుండాలి. తెల్ల పువ్వుల మొక్కే మందు, గులాబి రంగుది కాదు అన్న మాటకూ రసాయన ఆధారం లేదు. ఆల్కలాయిడ్ల మోతాదును నిర్ణయించేది పూల రంగు కాదు, మొక్క రకమూ పెంచిన తీరూ.

కణం చీలే క్షణంలో ఏం జరుగుతుంది

ప్రతి కణంలోనూ ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఇది జంటలు జంటలుగా ఒకదాని మీద ఒకటి పేరుకుని సన్నటి గొట్టాలవుతుంది. వీటినే సూక్ష్మనాళికలు అంటారు. కణం రెండుగా చీలేటప్పుడు ఈ గొట్టాలే కండె తంతువులుగా ఏర్పడి, జంటలుగా ఉన్న క్రోమోజోములను చెరో కొసకూ లాగుతాయి. ఇవి నిలకడగా ఉండేవి కావు. ఒక కొసన పేరుకుంటూ, ఇంకో కొసన విడిపోతూ, క్షణక్షణం పెరిగి తరుగుతుంటాయి. క్రోమోజోములను పట్టుకోవడం, లాగడం ఆ చలనం వల్లే సాధ్యమవుతాయి.

విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ రెండూ ట్యూబ్యులిన్ జంటల మధ్య కీలు దగ్గర చొరబడతాయి. దాంతో కొత్త ఇటుక అతుక్కోదు, గొట్టం పెరగదు. కండె ఏర్పడక క్రోమోజోములు కణం మధ్యలో వరుసకట్టిన చోటే నిలిచిపోతాయి. ఆ మధ్యస్థ దశలో ఎక్కువసేపు ఇరుక్కున్న కణం తనను తాను చంపుకుంటుంది. పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి వచ్చిన టాక్సాల్ అనే క్యాన్సర్ మందు కూడా ఈ గొట్టాల మీదే పనిచేస్తుంది, కాని పద్ధతి పూర్తిగా తలకిందులు. అది గొట్టాన్ని విడిపోనివ్వకుండా బిగించేస్తుంది. పెరగకపోయినా తరగకపోయినా చలనం ఆగడం ఒకటే కాబట్టి రెండింటి ఫలితమూ ఒకటే.

ఈ మందులు క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టవు, చీలుతున్న కణాన్నే పట్టుకుంటాయి. ఎముక మజ్జ కణాలూ, జుట్టు కుదుళ్ళూ వేగంగా చీలేవే కనుక వాటికీ దెబ్బ తగులుతుంది. "సహజం కాబట్టి మంచి కణాలను ముట్టదు" అనే ప్రచారానికి ఈ మొక్క చరిత్రే ఎదురు సాక్ష్యం. నోబుల్ ఎలుకలు చచ్చిపోయింది మంచి కణాలకు తగిలిన దెబ్బతోనే.

ఒక్క చిన్న గుంపు తేడా

రెండు అణువులనూ పక్కపక్కన పెడితే తేడా ఒక్కచోటే. ఒక నైట్రోజన్ మీద విన్‌బ్లాస్టిన్‌కు మిథైల్ గుంపు ఉంటుంది, విన్‌క్రిస్టిన్‌కు ఫార్మైల్ గుంపు. ఎనిమిది వందలకు పైగా అణుభారమున్న అణువులో ఇది నలుసంత మార్పు. వైద్యంలో మాత్రం ఇవి రెండు వేర్వేరు మందులు.

విన్‌బ్లాస్టిన్ వాడేటప్పుడు మోతాదుకు హద్దు గీసేది ఎముక మజ్జ. హాడ్జ్‌కిన్ లింఫోమాకు (ఒక రకం లింఫ్ గ్రంథుల క్యాన్సర్) ఇచ్చే నాలుగు మందుల కలయికలో దీన్ని రెండు వారాలకోసారి చదరపు మీటరుకు 6 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. ఎక్కించిన 5 నుంచి 10 రోజుల మధ్య తెల్లకణాలు అడుగుకు పడిపోతాయి. ఆ రోజుల్లో వచ్చే జ్వరాన్ని మామూలు జ్వరంగా చూడకూడదనేది అందుకే.

విన్‌క్రిస్టిన్ మజ్జను అంతగా బాధించదు. ఈ గుణం వల్లే, మజ్జ ఇప్పటికే దెబ్బతిని ఉన్న పిల్లల లుకేమియాలో ఇతర మందులతో కలిపి వాడటానికి వీలైంది. దాని దెబ్బ నాడుల మీద పడుతుంది. వెన్నుపూస దగ్గర పుట్టిన నాడీకణం తోక కాలివేలి దాకా, దాదాపు మీటరు పొడవు సాగుతుంది. ఆ పొడవునా సరుకు మోసే పట్టాలు సూక్ష్మనాళికలే. పట్టాలు చెడితే చిట్టచివరి స్టేషన్లకే ముందు సరుకు అందదు. అందుకే తిమ్మిరి వేలి కొసల్లో మొదలవుతుంది. ఈ మందు శరీరంలోంచి పోవడం కూడా నిదానం. రక్తంలో దాని చివరి అర్ధాయువు, అంటే ఉన్న మందు సగానికి తగ్గే సమయం, సగటున 85 గంటలు, విన్‌బ్లాస్టిన్‌ది 25 గంటలు.

ఇంట్లోవాళ్ళు గమనించగలిగే సంకేతాలు కొన్నున్నాయి. మొదటి డోసు తర్వాతే దవడ నొప్పి రావచ్చు. పేగుల నాడులు మందగించి తీవ్రమైన మలబద్ధకం వస్తుంది. మందుతో పాటే విరేచనం సాఫీగా అయ్యే సిరప్ మొదలుపెట్టేది ఇందుకే, మూడు రోజులు కాకపోతే చూద్దాం అని ఆగకూడదు. పిల్లలు నడిచేటప్పుడు పాదం ముందు భాగం పైకి లేవక నేలకు టపటపా కొట్టుకుంటుంటే, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతుంటే, తర్వాతి డోసుకు ముందే డాక్టరుకు చెప్పాలి. కుటుంబంలో వంశపారంపర్యంగా పాదాలు వంగిపోయే, కాళ్ళు సన్నబడే నాడీ జబ్బు ఉంటే ఆ సంగతి మొదటి డోసుకు ముందే తెలియాలి. అలాంటివారిలో మామూలు మోతాదే కాళ్ళూ చేతులూ కదలనివ్వకుండా చేయగలదు.

ఈ మందులను కాలేయం విరిచి పిత్తం ద్వారా బయటికి పంపుతుంది. కామెర్లు ఉంటే మోతాదు తగ్గిస్తారు. కామెర్ల తీవ్రతను చూపే ప్రత్యక్ష బిలిరుబిన్ రక్తంలో డెసిలీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే సగానికి కోయడం వాడుక. అదే కాలేయ ఎంజైమును అడ్డుకునే ఇట్రాకొనజోల్ లాంటి ఫంగస్ మాత్రలు విన్‌క్రిస్టిన్‌ను ఒంట్లో నిలవబెట్టి నాడుల దెబ్బను పెంచుతాయి. తామరకు మందుల షాపులో అడిగి వారాల తరబడి ఈ మాత్రలు వేసుకోవడం మన దగ్గర మామూలైపోయింది కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి.

సిరలోకి మాత్రమే

విన్‌క్రిస్టిన్ గురించి ప్రతి క్యాన్సర్ వార్డు గోడ మీదా ఉండాల్సిన హెచ్చరిక ఒకటుంది: పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే దాదాపు ఎప్పుడూ ప్రాణం పోతుంది. ఇలాంటి పొరపాటు ఎందుకు జరుగుతుందో అర్థం కావాలంటే పిల్లల లుకేమియా చికిత్స తీరు తెలియాలి. అందులో మెథోట్రెక్సేట్ అనే ఇంకో క్యాన్సర్ మందును వెన్నులోకి ఇస్తారు, విన్‌క్రిస్టిన్‌ను సిరలోకి ఇస్తారు. చాలాసార్లు రెండూ ఒకే రోజు, ఒకే బిడ్డకు. రెండు సిరంజిలు ఒకే ట్రేలో పెట్టినప్పుడు చేయి తారుమారైతే అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో హెచ్చరిక జారీ చేసి, విన్‌క్రిస్టిన్‌ను సిరంజిలో కాక చిన్న సెలైన్ సంచిలో కలిపి ఎక్కించమని సూచించింది. సంచిని వెన్నులో పెట్టే సూదికి ఎవరూ తగిలించరు కాబట్టి పొరపాటుకు తావే ఉండదు. ఎంత జాగ్రత్తగా ఉండమని చెప్పినా మనిషి తడబడతాడు. తడబడినా ప్రాణం పోని ఏర్పాటు చేయడమే సరైన పని.

ఆ మెథోట్రెక్సేట్ కుటుంబానికీ తెలుగు నేలకూ చుట్టరికం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లానికి వ్యతిరేకంగా పనిచేసే అమైనోప్టెరిన్ తయారైంది. దానితోనే సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో లుకేమియా పిల్లలకు తాత్కాలికంగానైనా జబ్బు తగ్గినట్టు 1948లో చూపించారు. అప్పటికి ఆ జబ్బు వచ్చిన పిల్లలు నెలల్లో చనిపోయేవారు. తర్వాతి దశాబ్దాల్లో మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్, విన్‌క్రిస్టిన్, ఇంకొన్ని మందులు కలిపి ఇవ్వడం నేర్చుకున్నాక సంపన్న దేశాల్లో ఇప్పుడు పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతున్నారు. ఈ ఫలితం ఏ ఒక్క మందుదీ కాదు. విన్‌క్రిస్టిన్ ఒక్కటే ఇస్తే జబ్బు వెనక్కి తగ్గి, కొన్నాళ్ళకు తిరగబెడుతుంది.

ఇంకో చిన్న వివరం. ఈ మందు సిర దాటి చర్మం కిందికి కారితే కండ కుళ్ళుతుంది. చాలా కీమో మందులు కారినప్పుడు ఐసు పెడతారు, దీనికి మాత్రం వేడి కాపడం. వేడికి మందు చుట్టూ పరుచుకుని పలచబడుతుంది. ఎక్కిస్తున్నప్పుడు చెయ్యి మండితే "ఓర్చుకుందాం" అనుకోకుండా వెంటనే నర్సును పిలవాలి.

ఆకులో ఇంత తక్కువ ఎందుకు?

విన్‌బ్లాస్టిన్ ఒక జంట అణువు. కథరాంథిన్, విండోలిన్ అనే రెండు సగాలు అతుక్కుంటేనే అది తయారవుతుంది. విడిగా ఈ సగాలు ఆకులో దండిగానే ఉంటాయి, జంట మాత్రం వాటి ముందు లెక్కకు రానంత తక్కువ. కారణం మొక్క వాటిని వేర్వేరు గదుల్లో దాచడం. కథరాంథిన్ ఆకు పైపూత మైనంలోకి చేరుతుంది, విండోలిన్ ఆకు లోపలి కణాల్లో ఉండిపోతుంది. కెనడా పరిశోధకులు 2010లో ఈ సంగతి బయటపెట్టారు. పైన చేదు పూతలా ఉన్న కథరాంథిన్ పురుగులను, బూజును దూరం పెడుతుంది. జంట అణువు తనకే ప్రమాదం కాబట్టి సగాలను కలవనివ్వకపోవడం మొక్కకు లాభమే.

తయారీదారుకు మాత్రం ఇది తలనొప్పి. ఆకు పొడిని ముందు హెక్సేన్‌తో కడిగి మైనం, ఆకుపచ్చ తీసేస్తారు. తర్వాత పలచటి ఆమ్లంలో నానబెడితే ఆల్కలాయిడ్లు లవణాలుగా నీళ్ళలోకి దిగుతాయి. ఆ నీటి క్షారతను మెట్టుమెట్టుగా పెంచుతూ, ఒక్కో మెట్టు దగ్గరా నీళ్ళతో కలవని ద్రావకంతో చిలికి, కావలసిన గుంపును విడదీస్తారు. చివర్న క్రోమటోగ్రఫీ స్తంభాల మీదుగా పంపి, సల్ఫేట్ లవణంగా స్ఫటికీకరిస్తారు. ఏ దశలో అజాగ్రత్తగా ఉన్నా సరుకు పోతుంది. ఆకును మండుటెండలో ఆరబెడితే వేడికీ వెలుతురుకూ ఆల్కలాయిడ్లు చెడతాయి. క్షారత మోతాదు మించితే అణువు మీది ఎసిటైల్ గుంపు ఊడిపోయి పనికిరాని రూపం మిగులుతుంది. తేమ ఉన్న ఆకును గోతాల్లో కుక్కితే బూజు పట్టి లోపలే వేడెక్కుతుంది.

విన్‌క్రిస్టిన్ నేరుగా ఆకు నుంచి తీయడం మరీ ఖరీదు కనుక, ఎక్కువగా దొరికే విన్‌బ్లాస్టిన్‌నే దానిగా మార్చే పద్ధతి వచ్చింది. క్రోమియం ట్రైఆక్సైడ్‌తో మైనస్ 60 డిగ్రీల దగ్గర ఆక్సీకరిస్తే మిథైల్ గుంపు ఫార్మైల్‌గా మారుతుంది. ఆ చలి తగ్గితే అణువులోని ఇతర భాగాలూ ఆక్సీకరణకు గురై సరుకు పాడవుతుంది. 1970లలో ఫ్రాన్స్‌లో పియర్ పొతియే బృందం ఇంకో అడుగు ముందుకు వేసి, దండిగా దొరికే రెండు సగాలనూ ప్రయోగశాలలోనే అతికించింది. ఆ దారిలోనే విన్‌బ్లాస్టిన్‌కు కొద్దిగా మార్పు చేసిన వినోరెల్బిన్ పుట్టింది. ఊపిరితిత్తుల, రొమ్ము క్యాన్సర్లలో వాడే ఈ మందుకు ఫ్రాన్స్‌లో 1989లో అనుమతి వచ్చింది.

పొలంలో లెక్క

ఈ పంట వేయాలనుకునే రైతులు ముందు చూడాల్సింది కొనేవాళ్ళనే. తమిళనాడు మెట్ట జిల్లాలతో పాటు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, గుజరాత్‌లలో దీన్ని సాగుచేశారు. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ 'నిర్మల్', 'ధవల్' లాంటి రకాలను విడుదల చేసింది. దాని పరిశోధన కేంద్రం ఒకటి హైదరాబాద్ బోడుప్పల్‌లో ఉంది.

నేరుగా చల్లితే హెక్టారుకు రెండున్నర కిలోల విత్తనం పడుతుంది, నారు పోస్తే అర కిలో చాలు. గింజ ఆవగింజకన్నా చిన్నది కాబట్టి పదింతల ఇసుకలో కలిపి చల్లాలి. విత్తనం పాతబడితే మొలక బాగా పడిపోతుంది. అందుకే పోయినేడాది మిగులును నమ్ముకోకూడదు. ఆకును ఆరో నెలలో ఒకసారి, తొమ్మిదో నెలలో ఇంకోసారి దూసి, పన్నెండో నెలలో కాండం కోసి వేర్లు దున్ని తీస్తారు. నీటి వసతి ఉంటే హెక్టారుకు 3.6 టన్నుల ఎండుటాకు, టన్నున్నర వేరు వస్తుంది. వర్షాధారంగా అయితే రెండు టన్నుల ఆకు, ముప్పావు టన్ను వేరు. ఆకును నీడలో ఆరబెట్టాలి. పశువులు ముట్టవు, మెట్ట నేలకు ఓరుస్తుంది, కాని నీళ్ళు నిలిస్తే మాత్రం కొసనుంచి ఎండిపోయే తెగులు పట్టి పొలానికి పొలం పోతుంది. ఆకులు పిడచకట్టి చిన్నవైపోయే వెర్రి తెగులు సోకిన మొక్కను పీకి కాల్చేయడమే మార్గం.

పై లెక్క ప్రకారం చూస్తే, హెక్టారంతా కష్టపడితే వచ్చే ఆకు నుంచి తీయగలిగే విన్‌క్రిస్టిన్ రెండు గ్రాముల లోపు. డోసుల్లో చెబితే సుమారు 900. ప్రపంచానికి ఏటా కావలసిన మందు తూకంలో చిన్నదే. కొనేవాళ్ళూ కొద్దిమందే. గిరాకీ కొద్దిగా తగ్గినా ధర కూలిపోవడానికి కారణం ఇదే. రాతపూర్వక కొనుగోలు ఒప్పందం లేకుండా దిగకూడని పంట ఇది.

మడగాస్కర్‌కు ఈ మందుల లాభాల్లో వాటా ఏమీ రాలేదన్న వాదన తరచు వినబడుతుంది. వాటా ఇవ్వాలన్న అంతర్జాతీయ ఒప్పందం 1992 దాకా లేనేలేదు. భారత్ జీవవైవిధ్య చట్టం 2002లో తెచ్చింది. సాగుచేసిన ఔషధ మొక్కలకు 2023 సవరణతో కొంత మినహాయింపు దొరికింది.

ఈస్ట్ ట్యాంకుల వైపు

సరఫరా కొద్దిమంది చేతుల్లోనే ఉండటంలో ప్రమాదం 2019లో అమెరికాలో కనిపించింది. అక్కడ విన్‌క్రిస్టిన్ సరఫరా చేసే కంపెనీలు అప్పటికి రెండే. ఒకటి తయారీ మానుకుంది, రెండోదానికి ఉత్పత్తిలో ఆటంకం వచ్చింది. పాత, చౌక మందు కనుక మూడో కంపెనీ సిద్ధంగా లేదు. పిల్లల డాక్టర్లు డోసులు పంచుకోవాల్సి వచ్చింది.

2018లో బ్రిటన్‌లోని జాన్ ఇన్నెస్ కేంద్రంలో సారా ఓకానర్ బృందం, మొక్క ఈ అణువులను అల్లే గొలుసులో అప్పటిదాకా దొరకని ఎంజైములను పట్టుకుంది. దాంతో గొలుసు పూర్తయింది. 2022లో డెన్మార్క్ పరిశోధకులు ఆ గొలుసులోని ముప్ఫై మెట్లనూ ఈస్ట్ కణంలోకి ఎక్కించి, 56 జన్యుమార్పులు చేసి, కథరాంథిన్, విండోలిన్ రెండింటినీ ఈస్ట్‌తోనే తయారుచేయించారు. వాటిని రసాయనికంగా అతికించి విన్‌బ్లాస్టిన్ రాబట్టారు. అప్పటి దిగుబడి లీటరుకు మైక్రోగ్రాముల్లోనే కనుక ఆకు అవసరం వెంటనే తీరిపోదు.

కొత్త మొక్క వార్త చదివేటప్పుడు

టాక్సాల్, కాంప్టోథెసిన్, హిమాలయాల్లో కూడా పెరిగే పొడోఫిల్లమ్ వేరు ఆధారంగా చేసిన ఎటోపోసైడ్, ఇవన్నీ మొక్కల నుంచే వచ్చాయి. కాంప్టోథెసిన్ మన పడమటి కనుమల్లోని ఒక చెట్టులోనూ దండిగా ఉంది. అయితే అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1960 నుంచి 1982 దాకా లక్షకు పైగా మొక్కల సారాలను పరీక్షిస్తే, వాటి నుంచి పెద్ద మందులుగా నిలిచినవి టాక్సాల్, కాంప్టోథెసిన్ కుటుంబాలే. గాజు పళ్ళెంలో క్యాన్సర్ కణాలను చంపడం కష్టమేమీ కాదు, ఉప్పు ఎక్కువైనా చస్తాయి. ఎంత తక్కువ మోతాదుకు చచ్చాయి, పక్కన పెట్టిన మామూలు కణాలు బతికాయా అన్నవే చూడాల్సినవి. ముడి సారానికి మిల్లీలీటరుకు 20 మైక్రోగ్రాముల లోపు మోతాదులో కణాల పెరుగుదల సగానికి తగ్గితేనే పరిశోధకులు మరోసారి తిరిగి చూస్తారు. వందల మైక్రోగ్రాములు పోసి చంపిన ఫలితాన్ని పేపరు "సంజీవని" అని రాసినా ఆ తర్వాతి మెట్టు ఎక్కదు. పసుపులోని కర్క్యుమిన్ పళ్ళెంలో చక్కగా పనిచేస్తూనే, తింటే రక్తంలోకి సరిగా చేరక దశాబ్దాలుగా అక్కడే ఆగిపోయింది.

చికిత్సలో ఉన్నవారు ఇప్పటికే బిళ్ళగన్నేరు ఆకో, మరో కషాయమో వాడుతుంటే దాచిపెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. తెల్లకణాలు పడిపోయినప్పుడు అది ఇంజెక్షన్ వల్లనో ఆకు వల్లనో డాక్టరుకు తెలియాలి. తెలియకపోతే జబ్బును ఆపగలిగే మోతాదును అనవసరంగా తగ్గించాల్సి రావచ్చు. షుగరు మాత్రలతో పాటు ఆకు నమిలేవారిలో చక్కెర మరీ దిగజారినా, బీపీ మాత్రలు వేసుకునేవారిలో లేవగానే కళ్ళు తిరిగినా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. ఏ మొక్క, ఏ భాగం, రోజుకెంత, ఎన్నాళ్ళుగా అన్నది ఒక కాగితం మీద రాసి, తర్వాతి కీమోకు ముందు చేసే రక్తపరీక్ష రిపోర్టుతో కలిపి డాక్టరుకు ఇవ్వాలి.